హిట్లరంటే మా అత్తగారు కాదు

మన ఇళ్లల్లో హిట్లరు లేని కొంప ఉందా, చెప్పండి! పొద్దున్నే అయిదింటికి పిల్లల్ని లేపి పుస్తకాల ముందు కూర్చోబెట్టే తండ్రి హిట్లరు. లెక్క తప్పితే బెంచీ ఎక్కించే మాస్టారు హిట్లరు. పాలగిన్నె మీద మూత పెట్టలేదని గంటసేపు సాధించే అత్తగారైతే సాక్షాత్తూ హిట్లరే. 1997లో చిరంజీవి చెల్లెళ్లకు కాపలా కాసే అన్నగా వేసిన సినిమాకి ఆ పేరే పెట్టారు. 2020లో మొదలైన ఓ టీవీ సీరియల్ పేరు ‘హిట్లర్ గారి పెళ్ళాం’. హాయిగా చూశాం. నేనూ చూశాను, అబద్ధమెందుకు?

మా అత్తగారు బతికున్న రోజుల్లో చాటుగా ఆవిడకి నేను పెట్టుకున్న పేరూ అదే. ఆవిడ జపంలో కూర్చుంటే వంటింట్లో గరిటె చప్పుడు కూడా వినపడకూడదు. ఎదురు మాట్లాడితే ఆ పూట అన్నం సహించేది కాదు ఆవిడకి. అలాంటావిడని హిట్లరు అనక ఇంకేమనాలి అనుకునేదాన్ని. ఈమధ్యే ఆ పేరు వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో చెబుతాను. దానికి ఓ వ్రతం, ఓ నవల కారణం.

పోయిన శ్రావణంలో బోధన్‌లో మా బంధువులింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. నిజామాబాద్ నుంచి ఎంత దూరం గనుక! భోజనాలయ్యాక మగవాళ్లు చాపల మీద ఒరిగి దేశాన్ని బాగుచేసే కార్యక్రమంలో పడ్డారు. మా బావగారొకరు వక్కపొడి నోట్లో వేసుకుని తేల్చేశారు.

“ఒక్కడు గట్టోడు రావాలె ఈ దేశానికి. హిట్లర్ లెక్క. నిజాం సర్కార్ జూడుండ్రి, డ్యాం గట్టె, శక్కర్ ఫ్యాక్టరీ పెట్టె. ఇప్పుడేమున్నది? గేటుకు తాళం!”

తాళం మాట నిజమే. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీళ్లకి చెరుకు, ఆ చెరుక్కి 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకునేవారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. శక్కర్‌నగర్ క్వార్టర్ల పక్కనించి వెళ్తుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అందుకే బావగారి మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. నేనైతే సరేసరి, పళ్లేలు ఎత్తుతున్నాను.

గోడవారగా పీట మీద మా వారి మేనత్త కూర్చుని ఉన్నారు. ఎనభై ఎనిమిదేళ్లు. తమలపాకు ఈనె తీస్తూ, తలెత్తకుండానే అన్నారు.

“గట్టోడెక్కడిది బిడ్డా! మేము నోర్లు మూసుకున్నం, గందుకే గట్టిగ కనబడ్డడు.”

“నీకేం ఎరుక అత్తా, నువ్వప్పుడు పిల్లవు” అని బావగారు నవ్వేశారు. తర్వాత నేను వంటింట్లోకి తీసుకెళ్లి అడిగితే ఆవిడ చెప్పారు. 1948లో ఆవిడకి పదేళ్లు. రజాకార్లు వస్తున్నారని కబురందితే ఆడవాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని చెరుకు తోటలోకి పోయేవారట. “చెరుకాకు ఎట్ల కోస్తదో నీకు ఎరుకనా? ఒళ్లంత గీతలు. దగ్గొస్తే మా అమ్మ నా నోట్లె కొంగు కుక్కేది.” ఆవిడ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. కూరలో ఉప్పెంత వేయాలో చెప్పినట్టు చెప్పారు.

ఇంటికొచ్చాక పాత పెట్టెలోంచి ఓ నవల తీశాను. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. 1955లో వచ్చింది. కాలేజీ రోజుల్లో ఒకసారి చదివి, ‘దొర చెడ్డవాడు, హీరో మంచివాడు’ అని పక్కన పెట్టేసిన పుస్తకం. ఈసారి మేనత్తగారి మాట చెవిలో పెట్టుకుని చదివాను. అప్పుడు తెలిసింది, ఇది దొర కథ మాత్రమే కాదని.

ముందు రాసినాయన గురించి రెండు మాటలు. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టాడు. బీదరికం. ఇంకొకరి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువుకున్నాడు. మన పనే చేశాడన్నమాట! 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. తెలుగు పుస్తకం పట్టుకోవడమే సాహసమైన రోజుల్లో అదొక ఉద్యమం. జైళ్లకి వెళ్లాడు. 1961లో నలభై అయిదేళ్లకే పోయాడు.

నవలలో ఊరు మన నిజామాబాదు జిల్లాలోని దిమ్మెగూడెం. కాలం 1930లు. ఊరి దొర రామభూపాల్‌రావు. వెట్టి చేయించుకుంటాడు, భూములు మింగుతాడు. అతనికి ఎదురు నిలిచే కుర్రవాడు కంఠీరవం. చదువు, పత్రిక, గ్రంథాలయం, సభ, ఇవీ అతని ఆయుధాలు. ఊళ్లో మతమార్పిడి గొడవలు, సర్కారు కేసులు, జైలు, అన్నీ ఉంటాయి. కథ క్లుప్తంగా అంతే. దాని విలువ మాత్రం ఆ కాలాన్ని ప్రపంచం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఒక్కసారి ఆ 1930ల్లో బయటి దేశాలు ఎలా ఉన్నాయో తలుచుకోండి. ఇటలీలో 1922 నుంచే ముస్సోలినీ. జర్మనీలో 1933 జనవరి 30న హిట్లరు. అంతకుముందు ఆ దేశాల్లో ఏముంది? మొదటి యుద్ధం మిగిల్చిన అవమానం. 1923లో జర్మనీలో డబ్బు చిత్తుకాగితమైపోయింది. తర్వాత లక్షలమందికి పనుల్లేవు. అలాంటప్పుడు ‘నేను చూసుకుంటాను, మీరు నా వెనక నడవండి’ అనే మనిషి దేవుడిలా కనిపిస్తాడు. హిట్లరు తలుపు బద్దలుకొట్టుకుని వచ్చాడనుకుంటాం. కాదు. అధ్యక్షుడు హిండెన్‌బర్గే పిలిచి ప్రధానమంత్రిని చేశాడు. ఆ మార్చి 23న సర్వాధికారాలూ అతని చేతిలో పెడుతూ ఓటేసింది పార్లమెంటే. భయపెట్టారు, కొందర్ని జైళ్లలో పెట్టారు, నిజమే. అయినా గొళ్లెం తీసింది లోపలివాళ్లు. మే 10న నడివీధుల్లో పుస్తకాల గుట్టలు తగలబెట్టారు. తగలబెట్టిన వాళ్లలో విద్యార్థులే ముందున్నారు.

ఆడవాళ్ల సంగతి చెప్పాలి, అది మనకి ముఖ్యం కదా. 1935 డిసెంబరు 18న ఇటలీలో పెళ్లి ఉంగరాల పండుగ లాంటిదొకటి జరిగింది. అబిసీనియా మీద యుద్ధానికి బంగారం కావాలి. ఆడవాళ్లంతా పెళ్లి ఉంగరాలు తెచ్చి దేశానికి ఇచ్చేయాలి. రోములో మహారాణి ఎలెనా ముందుగా తన ఉంగరం తీసి వేసింది. వెనక బారులు తీరారు. బదులుగా ఇనప ఉంగరాలిచ్చారు. మన పుస్తెల తాడు తీసిమ్మన్నట్టు! జర్మనీలో ఇంకో ముచ్చట. 1938లో తల్లులకి పతకాలు పెట్టారు. నలుగురు పిల్లలుంటే కంచు, ఆరుగురుంటే వెండి, ఎనిమిదీ ఆ పైన ఉంటే బంగారు పతకం. మన అమ్మమ్మలకి బంగారుదే వచ్చేదని నవ్వుకోవచ్చు. ఆ పతకం అందరు తల్లులకీ కాదు, వాళ్లు ‘శుద్ధమైన’ రక్తం అనుకున్నవాళ్లకే. యూదు తల్లికి ఎంతమంది పిల్లలున్నా పతకం లేదు. వాళ్ల పిల్లలకి తర్వాత ఏమైందో లోకానికంతా తెలుసు.

ఇక్కడే మా అత్తగారికీ హిట్లరుకీ తేడా పట్టుబడింది నాకు. మా అత్తగారికి కావలసింది నా మౌనం. నేను లోపల ఏమనుకున్నా ఆవిడకి పట్టలేదు, పైకి చప్పుడు చేయకపోతే చాలు. హిట్లరుకి మౌనం చాలదు. అతనికి మన కేక కావాలి. చెయ్యెత్తి, గొంతెత్తి, పక్కింటివాళ్లకంటే గట్టిగా అరవాలి. అరవనివాడి పేరు ఎవరో రాసుకుంటారు. ఉంగరం ఇవ్వడమే కాదు, సంతోషంగా ఇవ్వాలి. పాత నిరంకుశుడు నోరు నొక్కేస్తాడు. కొత్త నియంత ఆ నోట్లోకి తన మాట జొనుపుతాడు.

మన హైదరాబాదు సంస్థానంలో మొదటి రకం రాజ్యం నడిచింది. ఏడో నిజాం 1911లో గద్దెనెక్కాడు. ఆయన్ని హిట్లరుతో పోల్చడం సరికాదు. ఆయనది పాత రాజరికం. ఆయనకి కావలసింది నిశ్శబ్దం. అందుకే ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అనే ఉత్తర్వు ఉండేది. అనుమతి లేకుండా సభ పెట్టకూడదు. నలుగురు కలిసి మాట్లాడుకోవాలంటే సర్కారు సెలవు కావాలి. కచేరీలో తెలుగు లేదు, పెద్ద చదువుల్లో తెలుగు లేదు. అలాంటి చోట 1937లో మన నిజామాబాదులో ఆరో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు మందుముల నరసింగరావుగారు. దానితోపాటు జరిగిన ఆంధ్ర మహిళా సభకి అధ్యక్షురాలు కథారచయిత్రి నందగిరి ఇందిరాదేవి. అప్పటికి ఆమెకి ఇరవయ్యేళ్లైనా లేవు! అదే సంవత్సరం నిజాం ప్రభువు బొమ్మ అమెరికా ‘టైమ్’ పత్రిక అట్టమీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా వచ్చింది. అదే సంవత్సరం బోధన్ ఫ్యాక్టరీ. చూశారా! ఫ్యాక్టరీ గురించి బావగారికి తెలుసు. ఇరవయ్యేళ్లు నిండని అమ్మాయి ఈ ఊళ్లోనే అధ్యక్షపీఠం మీద కూర్చుందని మన పిల్లలకి ఎవరు చెప్పారు?

తర్వాత కేక కూడా వచ్చింది. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థకి 1938లో బహదూర్ యార్ జంగ్ వలంటీర్ల దళం పెట్టాడు. 1946లో ఆ సంస్థ లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికొచ్చింది. యూనిఫారాలు, కవాతులు, నినాదాలు. యూరపులో చూసిన వేషమే ఇక్కడా. కోటలో పాత నిశ్శబ్దం, వీధిలో కొత్త కేక, రెండూ కలిసి 1947, 48ల్లో జనాన్ని నలిపేశాయి. ఇది హిందువుల మీద ముస్లింల కథ అని తేల్చేస్తే పొరపాటే. రజాకార్లని ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో హత్యకి గురైన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడి పేరు షోయబుల్లా ఖాన్.

ఆళ్వారుస్వామి నవల రజాకార్ల దాకా రాదు. దానికి ముందు రోజులే చూపిస్తుంది. నా దృష్టిలో అదే దాని బలం. నియంతలు ఏ నేలలో మొలుస్తారో ఆ నేలని తవ్వి చూపిస్తాడాయన. దొర ఒక్కడే అయితే దిమ్మెగూడెం ఒక్క పూటలో బాగుపడేది. అతని చుట్టూ అతని పని చేసిపెట్టేవాళ్లు, చూసీ చూడనట్టు పోయేవాళ్లు, ‘మనకెందుకులే’ అనుకునేవాళ్లు. మేనత్తగారన్న ‘నోర్లు మూసుకున్నం’ అనే మాట ఈ నవలకి మకుటంగా పెట్టొచ్చు.

మకుటం అన్నాను కనుక, పేరు సంగతి చూడండి. ముస్సోలినీ బిరుదు ‘డూచే’. హిట్లరు బిరుదు ‘ఫ్యూరర్’. రెండిటికీ అర్థం ఒకటే, నాయకుడు. ఆళ్వారుస్వామి తన కథానాయకుణ్ణి ‘ప్రజల నాయకుడు’ అనలేదు. ‘ప్రజల మనిషి’ అన్నాడు. అంటే జనం ముందు నడిచేవాడు కాదు, జనంలో ఒకడు. అతను లేకపోయినా కొమురయ్య లాంటివాళ్లు నిలబడాలి. వాళ్లు నిలబడినప్పుడే అతని పని పూర్తయినట్టు. ‘నేను లేకపోతే మీరు లేరు’ అని నియంత అంటాడు. ‘నేను లేకపోయినా మీరున్నారు’ అనేవాడు ప్రజల మనిషి. ఇంత చిన్న పేరులో ఇంత అర్థం ఉందని కాలేజీలో నాకు తట్టలేదు.

అలాగని పుస్తకంలో లోపాలు లేవనను. కంఠీరవం మరీ మంచివాడు. ఒక్కసారైనా తప్పు చేస్తే బాగుండునని చదువుతుంటే అనిపిస్తుంది. దొర మరీ చెడ్డవాడు. కొన్నిచోట్ల మనుషులు మాట్లాడ్డం మానేసి ఉపన్యసిస్తారు. అన్నిటికంటే నాకు లోటనిపించింది ఆడవాళ్ల మాట. వెట్టి బరువులో సగం ఆడదాని నెత్తిమీదే ఉండేది కదా, ఆ సగానికి ఈ నవలలో తగినంత గొంతు లేదు. ఆయన రెండో నవలకి ‘గంగు’ అని పేరు పెట్టుకున్నాడు, పూర్తిచేయకుండానే పోయాడు. శిల్పం మాటకొస్తే ‘జైలు లోపల’ కథలే మెరుగు. అందులో మామూలు ఖైదీల్ని మనుషులుగా చూసిన చూపు చల్లగా ఉంటుంది. అయినా ఒక కాలం ఎలా ఊపిరి పీల్చిందో తెలియాలంటే ‘ప్రజల మనిషి’ చదవాల్సిందే.

మీరొకటి అడగొచ్చు. “కేక చెడ్డదంటున్నావు, మరి దాశరథి మాటేమిటి?” అని. న్యాయమైన ప్రశ్న. దాశరథి కృష్ణమాచార్యులు మన నిజామాబాదు ఖిల్లా జైల్లో ఉన్నాడు. ఆళ్వారుస్వామి కూడా అక్కడే ఉన్నాడు. కాగితం, కలం లేక దాశరథి బొగ్గుతో గోడమీద నిజాముకి వ్యతిరేకంగా పద్యం రాశాడు. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. ఆ పద్యాలు కేకలే. కానీ ఎవరి వెనక నిలబడి వేశాడా కేక? ఎవరి వెనకా కాదు. చప్పట్లు కొట్టేందుకు అక్కడ గుంపు లేదు. పతకం లేదు. దెబ్బలే ఉన్నాయి. ఒక్కడే నిలబడి, తన నోటితో తన మాట అనడం వేరు. వెయ్యిమందిలో నిలబడి, ఇంకొకడి మాట మన నోటితో అనడం వేరు.

ఈ తేడా నాకు పుస్తకంలోనే తెలియలేదు. 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. క్రమశిక్షణ మీద వ్యాసరచన పోటీ పెట్టారు. రైళ్లు టైముకొస్తున్నాయనీ, ఆఫీసుల్లో అందరూ పనిచేస్తున్నారనీ, గట్టి చెయ్యి ఉంటే దేశం బాగుపడుతుందనీ నాలుగు పేజీలు రాశాను. స్టేజీ మీద చదివి వినిపించమన్నారు. చదువుతుంటే చప్పట్లు. నా గొంతు దానంతటదే పెరిగిపోయింది. ఆ పొంగు ఇప్పటికీ గుర్తుంది, ఎంత హాయిగా ఉందో! బహుమతి ఓ స్టీలు గ్లాసు. ఇంటికి తెచ్చి చూపిస్తే నాన్న “బాగుంది” అని మాత్రం అని లేచి వెళ్లిపోయారు. ఆయన చిన్ననాటి స్నేహితుడొకాయన అప్పటికి నెలరోజులుగా జైల్లో ఉన్నాడని నాకు చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది. ఎమర్జెన్సీ, హిట్లరు పాలన ఒక్కటేనని నేననడం లేదు. 1977లో జనం ఓటేసి ప్రభుత్వాన్ని మార్చుకోగలిగారు. నేను చెబుతున్నది నా సంగతి. పన్నెండేళ్ల పిల్లకి ఆ కేక అంత తియ్యగా ఉంటే, ఉద్యోగం లేనివాడికి, అవమానపడ్డవాడికి ఇంకెంత తియ్యగా ఉంటుంది!

బావగారి డ్యాం ప్రశ్నకి జవాబు చెప్పకుండా తప్పించుకోను. నిజాంసాగర్ మంచిపనే. ఆ నీళ్లు తాగి బతికిన కుటుంబమే మాది. ముస్సోలినీ కూడా రోము పక్కన చిత్తడి నేలలు ఎండగట్టి ఊళ్లు కట్టించాడు. హిట్లరు పెద్ద పెద్ద రోడ్లు వేయించాడు. కట్టినవాడు మంచివాడే అవ్వాలని లేదు, మంచివాడే కట్టాలనీ లేదు. డ్యాం రాళ్లు మోసింది కూలీలు, చెరుకు నరికింది కూలీలు. ఆ లెక్కలో వాళ్ల పేర్లెక్కడ? ఇంకో మాట. ఫ్యాక్టరీకి తాళం పడినప్పుడు కార్మికులు, రైతులు రోడ్డెక్కి అడిగారు, మళ్లీ తెరవమన్నారు. ఫలితం మాట అటుంచి, గస్తీ నిషాన్ తిర్పన్ రోజుల్లో ఆ అడగడానికే సెలవు కావాలి.

మేనత్తగారి కథ సగమే చెప్పాను. రెండో సగం ఉంది. 1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. “మేము తోటలకెల్లి ఇంటికొచ్చినం. నాలుగొద్దులకు మా పక్కింటి సాయిబులు తోటలకు పోయిన్రు. గా పిల్ల నా ఈడుది, గచ్చకాయలు ఆడుకునేది నాతోటి. మా అమ్మ రొట్టెలు మూటగట్టి రాత్రిపూట ఇచ్చొచ్చేది. మా బాపు వద్దనె. అమ్మ ఇనలే.”

అది ఒక్క బోధన్ కథ కాదు. ఆ తర్వాత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, ఎక్కువ ప్రాణనష్టం జరిగిన నాలుగు జిల్లాల్లో మన పొరుగున ఉన్న నాందేడునీ చెప్పింది. సంస్థానమంతా కలిపి తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది పోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. మనవాళ్ల కేక గురించి కూడా నోరు మూసుకోవడం మనకి అలవాటే.

నేనడిగాను, “మరి వాళ్ల అమ్మ ఆ పిల్ల నోట్లోనూ కొంగు కుక్కేదా అత్తా?” అని.

ఆవిడ నావైపు వింతగా చూసి, “కుక్కకుంటే ఎట్ల బిడ్డా? దగ్గెవరికైనా దగ్గే గదా!” అన్నారు.

అందుకే ఈసారి మా అత్తగారి సంవత్సరీకం నాడు ఆవిడ ఫొటోకి దండ వేసి, మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ గట్టిమనిషి, అంతే. నన్ను నోరు మూసుకోమంది గాని, ఎవర్నీ తిట్టమని నా చేత కేక పెట్టించలేదు. మీ ఇంట్లో హిట్లర్లకి కూడా ఆ పేరు తీసేసి ఇంకేదైనా పెట్టుకోండి. ఆ పేరు నిజంగా అక్కర పడినప్పుడు గుర్తుపట్టడానికి మనకి కావాలి. వీలైతే ‘ప్రజల మనిషి’ మీ పిల్లల చేత చదివించండి. బావగారికి నా ప్రతి ఇచ్చాను. ఇంకా తిరిగి ఇవ్వలేదు. చదువుతున్నారనే అనుకుంటున్నాను.